కాళ్ళుంటే చాలదు

"పరుగుకు ఖర్చేముంది? కాళ్ళుంటే చాలు." క్రీడలకు ఇచ్చే నిధుల గురించి మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ మాట అంటారు. షూటింగ్‌కు తుపాకీ కావాలి, బ్యాడ్మింటన్‌కు కోర్టు కావాలి, ఈతకు కొలను కావాలి. పరుగుకు రోడ్డుంది, కాళ్ళున్నాయి, ఇంక సర్కారు పెట్టాల్సిందేముంది అంటారు. దాని వెనకే ఇంకో మాట వస్తుంది: పేదరికమే పరుగు నేర్పుతుందట, బడికి కోసుల దూరం నడిచిన పిల్లలే పెద్దయ్యాక ఛాంపియన్లవుతారట, సౌకర్యాలు ఇస్తే మెత్తబడిపోతారట. మూడో మాట ఈ రెండింటికన్నా చేటు చేసేది. దూరపు పరుగు కెన్యా, ఇథియోపియా వాళ్ళ రక్తంలో ఉంది, మన దక్కన్ ఎండల్లో అది రాదు, ఆ సొమ్ము పతకం వచ్చే ఆటకు పెట్టండి అంటారు.

ఈ మూడు మాటలకూ ఒకదానితో ఒకటి పొసగదు. పేదరికం పరుగు నేర్పేదే అయితే ఒలింపిక్ మారథాన్‌లో మన దేశానికి ఈపాటికి పతకాల వరస ఉండాలి. ఒక్కటి కూడా లేదు. రక్తంలోనే ఉంటే పేదరికంతో పనేముంది? అయినా మూడూ కలిసి ఒకే పని చేస్తున్నాయి. దూరపు పరుగులో పైస్థాయికి ఎదగగలిగినవాళ్ళకు ఏళ్ళ తరబడి అండగా నిలిచే జాతీయ శిక్షణ కార్యక్రమం అక్కర్లేదని మనల్ని నమ్మిస్తున్నాయి. ఈ నమ్మకం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం. సిద్దిపేట నుంచి చెబుతాను, ఎందుకంటే పరుగెత్తే పిల్లలు ఎక్కడున్నారో, ఎక్కడ ఆగిపోతున్నారో ఇక్కడ కళ్ళారా కనిపిస్తుంది.

సిద్దిపేటకు పరుగు కొత్త కాదు. కోమటిచెరువు కట్ట మీద తెల్లవారకముందే నడిచేవాళ్ళూ పరుగెత్తేవాళ్ళూ ఉంటారు. ఈ ఊరి పేరుతో హాఫ్ మారథాన్ కూడా జరిగింది. జనం ఆరోగ్యం కోసం పరుగెత్తడం మంచిదే, నేను కాదనను. కానీ ఈ జిల్లాలో నిజంగా ఊపిరి బిగబట్టి, గడియారం చూసుకుంటూ పరుగెత్తేది వేరేవాళ్ళు. పోలీసు కొలువు కోసం, ఆర్మీ ర్యాలీ కోసం తయారయ్యే పిల్లలు వాళ్ళు. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగపిల్లలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలన్నారు. వాళ్ళ భాషలో వీటిని 'ఈవెంట్స్' అంటారు. ఈవెంట్స్ గట్టెక్కితే సగం కొలువు చేతికొచ్చినట్టే. ఆ ఏడాది తెలంగాణ అంతటా అభ్యర్థులకు ఉచిత శిక్షణ శిబిరాలు పెట్టారు. గ్రౌండు చూపించారు, శిక్షకులను పెట్టారు, ఎలా పరుగెత్తాలో నేర్పించారు. కొలువు మాట వచ్చేసరికి "కాళ్ళుంటే చాలు" అని ఒక్కరూ అనలేదు. పరుగుకు శిక్షణ కావాలని మనకు బాగా తెలుసు. దేశం కోసం పరుగెత్తే పిల్లల విషయం రాగానే ఆ తెలివిని మరిచిపోతున్నాం.

7 నిమిషాల 15 సెకన్లంటే కిలోమీటరుకు దాదాపు నాలుగున్నర నిమిషాలు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడు కొన్ని నెలలు కష్టపడితే అందే వేగమే అది. ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. 2025 మార్చిలో అమెరికాలో మన పరుగువీరుడు గుల్వీర్ సింగ్ 10,000 మీటర్లను 27 నిమిషాల 0.22 సెకన్లలో పూర్తి చేశాడు. కిలోమీటరుకు 2 నిమిషాల 42 సెకన్లు. ఆ వేగంతో 1600 మీటర్లు 4 నిమిషాల 19 సెకన్లలో అయిపోతాయి. అతను ఆగకుండా అలాంటి 1600లు ఆరుంపావు పరుగెత్తాడు. ఈ రెండు వేగాల మధ్య ఉన్న దూరాన్ని సంకల్పబలంతో దాటలేం. ఎనిమిదేళ్ళో పదేళ్ళో రోజుకు రెండు పూటలా చేసే సాధనే దాన్ని దాటిస్తుంది. ఆ ఏళ్ళ పాటు ఆ మనిషి పొట్ట ఎవరు నింపుతారన్నదే అసలు ప్రశ్న. మన దగ్గర జల్లెడ ఎలా పనిచేస్తోందో చూడండి: 7:14లో వచ్చినవాడూ క్వాలిఫై, 4:50లో వచ్చినవాడూ క్వాలిఫై. రెండోవాడి పేరు విడిగా రాసుకునేవాళ్ళు లేరు. అతనికి కొలువు వస్తుంది, ఇల్లు నిలబడుతుంది, అందుకు సంతోషమే. ఆ తర్వాత బందోబస్తు డ్యూటీలు, నైట్ డ్యూటీలు. పరుగు అక్కడితో సరి. కొలువు రానివాడు మరుసటి నోటిఫికేషన్ కోసం పుస్తకాలు పడతాడు. అతని పరుగూ అంతే.

పేదరికమే ఛాంపియన్లను తయారు చేస్తుందనేవాళ్ళు ఎప్పుడూ చూపించే పేరు అవినాశ్ సాబ్లే. మహారాష్ట్ర బీడ్ జిల్లా మాండ్వా గ్రామం, వ్యవసాయ కుటుంబం, ఇటుక బట్టీల్లో పనిచేసిన తల్లిదండ్రులు, ఆరు కిలోమీటర్ల దూరంలో బడి. ఈ కథను మనవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ చెబుతారు. సగం దగ్గరే ఆపేస్తారు. మిగతా సగం ఇది. పన్నెండో తరగతి అయ్యాక అతను సైన్యంలో మహార్ రెజిమెంటులో చేరాడు. సియాచిన్‌లో పనిచేశాడు. పరుగు పోటీల్లోకి వచ్చింది సైన్యం క్రాస్ కంట్రీ జట్ల ద్వారా. 2017లో సైన్యపు కోచ్ అమ్రీశ్ కుమార్ అతన్ని 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లోకి మార్చాడు. 2018లో గోపాల్ సైనీ పేరిట 1981 నుంచి ఉన్న జాతీయ రికార్డును 8 నిమిషాల 29.80 సెకన్లతో చెరిపేశాడు. అక్కడి నుంచి 2024 పారిస్ డైమండ్ లీగ్‌లో 8 నిమిషాల 9.91 సెకన్లకు చేరాడు. ఆ ఇరవై సెకన్లకు ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళూ జీతం ఇచ్చింది సైన్యం. జాతీయ శిబిరాలు నడిపింది అథ్లెటిక్స్ సమాఖ్య, క్రీడా ప్రాధికార సంస్థ. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ ఎత్తుల్లో కోచ్ స్కాట్ సిమన్స్ దగ్గర శిక్షణకు ఖర్చుపెట్టింది ప్రజల సొమ్ము. బడికి నడిచిన ఆరు కిలోమీటర్లు అతనికి ఓర్పు ఇచ్చి ఉండవచ్చు, రికార్డు మాత్రం ఇవ్వలేదు. అలాంటి దూరాలు నడిచి బడికి వెళ్ళిన పిల్లలు బీడ్ జిల్లాలో వేలమంది ఉండి ఉంటారు. వాళ్ళలో చాలామంది చెరకు కోతకు వలస వెళ్ళే కూలీలయ్యారు.

"దక్కన్ ఎండలు" అనేవాళ్ళకు కూడా సాబ్లేనే జవాబు. బీడ్ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. మన పాత మెదక్ జిల్లా ఉన్న రాజ్యంలోనే అదీ ఉంది. అదే పీఠభూమి, అదే కరువు, అదే మే నెల. ఆ నేల మనిషే 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల స్టీపుల్‌చేజ్‌లో కెన్యా పరుగువీరుడికి సెకనులో ఇరవయ్యో వంతు తేడాతో మాత్రమే వెనకబడి రజతం గెలిచాడు. అంతకుముందు ఆరు కామన్వెల్త్ క్రీడల్లో ఆ పోటీలో మూడు పతకాలూ కెన్యావే.

అసలు సంగతేమిటంటే, దూరపు పరుగుకు మన దేశంలో ఎప్పుడూ ఒక జాతీయ కార్యక్రమం ఉంది. ఆ పేరుతో లేదు, అంతే. దాని పేరు సైన్యం. 1976 మాంట్రియల్ ఒలింపిక్ మారథాన్‌లో పదకొండో స్థానంలో వచ్చి, 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల జాతీయ రికార్డు పెట్టిన శివనాథ్ సింగ్ సైనికుడు. అదే మాంట్రియల్‌లో 800 మీటర్లను 1:45.77లో పరుగెత్తిన శ్రీరామ్ సింగ్ సైనికుడు. ఆసియా మారథాన్ విజేత గోపి తోనకల్ సైనికుడు. గుల్వీర్ సైనికుడు. ఆడవాళ్ళకు ఆ పని రైల్వే చేసింది. స్టీపుల్‌చేజ్‌లో సుధా సింగ్, రియో ఒలింపిక్స్ ఫైనల్ దాకా వెళ్ళిన లలితా బాబర్, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 5000 మీటర్ల స్వర్ణం గెలిచిన పారుల్ చౌదరి, అందరికీ రైల్వే కొలువే ఆసరా అయింది. మనం 'స్వయంకృషి' అని పొగిడే ప్రతి పేరు వెనకా ఒక జీతాల పట్టీ ఉంది, మెస్సు ఉంది, సెలవు మంజూరు చేసిన ఒక అధికారి సంతకం ఉంది. వాళ్ళ కష్టాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ కష్టం వృథా పోకుండా కాపాడిందేమిటో గుర్తించాలి కదా.

ఇక్కడ నిలదీసేవాళ్ళు ఉంటారు: సైన్యం ఎప్పటినుంచో ఉంది, మరి రికార్డులు దశాబ్దాలపాటు కదలలేదెందుకు? న్యాయమైన ప్రశ్న. శ్రీరామ్ సింగ్ రికార్డు 42 ఏళ్ళు నిలిచింది. 5000 మీటర్లలో బహదూర్ ప్రసాద్ రికార్డు 1992 నుంచి 2022 దాకా 30 ఏళ్ళు నిలిచింది. శివనాథ్ సింగ్ పరుగెత్తిన నాటికి మారథాన్‌లో ప్రపంచ అత్యుత్తమ సమయం 2:08:34. అంటే మనకూ ప్రపంచానికీ తేడా మూడున్నర నిమిషాల లోపే. 2023లో కెల్విన్ కిప్టమ్ 2:00:35 పరుగెత్తేసరికి ఆ 2:12:00కు దూరం పదకొండు నిమిషాలు దాటింది. సైన్యం తిండి పెట్టింది, తీరిక ఇచ్చింది. కానీ ఎత్తైన చోట నెలల తరబడి సాధన, తనకన్నా వేగంగా పరుగెత్తేవాళ్ళ మధ్య ఏడాది పొడుగునా పోటీలు, శరీరాన్ని లెక్కగట్టి చూసే శాస్త్రం అందలేదు. అవి అందిన తర్వాత ఏం జరిగిందో రికార్డుల పుస్తకమే చెబుతోంది. 10,000 మీటర్లలో సురేందర్ సింగ్ 2008లో పెట్టిన 28:02.89 పదహారేళ్ళు చెక్కుచెదరలేదు. గుల్వీర్ దాన్ని 2024 మార్చిలో 27:41.81కు, ఆ నవంబరులో జపాన్‌లో 27:14.88కు, 2025 మార్చిలో 27:00.22కు తెచ్చాడు. ఏడాదిలో నిమిషానికి పైగా. మన రక్తం ఏడాదిలో మారదు. శిక్షణ మారింది.

రక్తం మాట వచ్చింది కాబట్టి కెన్యా సంగతి కూడా చూద్దాం. ఇటెన్ పట్టణం సముద్రమట్టానికి 2,400 మీటర్ల ఎత్తున ఉంది, అది వాళ్ళకు కలిసివచ్చిన మాట నిజమే. కానీ ఎత్తు ఒక్కటే చాలితే ప్రపంచంలోని ప్రతి కొండప్రాంతం ఛాంపియన్లను కనాలి. ఇటెన్‌లో సెయింట్ పాట్రిక్స్ పాఠశాల ఉంది. 1976లో ఐర్లండ్ నుంచి వచ్చిన కోమ్ ఓకానెల్ అనే ఉపాధ్యాయుడు అక్కడి పిల్లలకు దశాబ్దాలపాటు శిక్షణ ఇచ్చాడు. కెన్యాలో సైన్యం, పోలీసు, జైళ్ళ శాఖలు పరుగువీరులకు కొలువులిచ్చి జట్లు నడుపుతాయి. మారథాన్ వీరుడు కిప్చోగె కోటీశ్వరుడయ్యాక కూడా వారమంతా కప్తగాట్ శిబిరంలో మిగతావాళ్ళతో కలిసి ఉంటూ సాధన చేశాడు. దీన్ని రక్తమందామా, వ్యవస్థ అందామా? జపాన్‌లో పెద్ద కంపెనీలు పరుగువీరులను జీతాల మీద పెట్టుకుంటాయి. విశ్వవిద్యాలయాల హకోనె రిలే 1920 నుంచి నడుస్తోంది. అక్కడి కెంగో సుజుకి 2021లో మారథాన్‌ను 2:04:56లో పూర్తి చేశాడు. జపాన్ వేసవి ఉక్కపోత మన కోస్తాకు తీసిపోదు.

అమెరికా అనుభవం మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అక్కడా ఒకప్పుడు "ఎవరికి వాళ్ళు పరుగెత్తుకుంటారులే" అనే ధోరణే ఉండేది. 2000 సిడ్నీ ఒలింపిక్ మారథాన్‌కు అంత పెద్ద దేశం నుంచి ఒక మగవాడు, ఒక ఆడమనిషి మాత్రమే వెళ్ళగలిగారు. ఆ అవమానం తర్వాత 2001లో కాలిఫోర్నియా కొండల్లోని మామత్ లేక్స్‌లో టీమ్ రన్నింగ్ యూఎస్ఏ పేరుతో శిక్షణ బృందాన్ని ఏర్పాటు చేశారు. జో విజిల్, బాబ్ లార్సన్ కోచ్‌లు. మూడేళ్ళు తిరిగేసరికి ఏథెన్స్‌లో మెబ్ కెఫ్లెజిగి రజతం, డీనా కాస్టర్ కాంస్యం తెచ్చారు. ఇద్దరూ ఆ బృందం వాళ్ళే.

ఇక "ఖర్చేముంది" అన్న మాట దగ్గరికి వద్దాం. పైస్థాయి దూరపు పరుగువీరుడు వారానికి 160 నుంచి 200 కిలోమీటర్లు పరుగెత్తుతాడు. సాధన బూట్లు ఆరేడు వందల కిలోమీటర్లకు అరిగిపోతాయి. అంటే ఇంచుమించు నెలకో జత. పోటీలో వేసుకునే కార్బన్ ప్లేటు బూట్లు జత ఇరవై వేల పైమాటే. అంత పరుగెత్తే ఒంటికి మామూలు మనిషి కన్నా ఎంతో ఎక్కువ తిండి కావాలి. అన్నం, పచ్చిపులుసు మీద ఆ ఒళ్ళు నిలవదు. పాలు, గుడ్లు, మాంసం, పప్పు రోజూ ఉండాలి. ఆడపిల్లల సంగతి మరీ కీలకం. దూరపు పరుగంటే రక్తం కండరాలకు ప్రాణవాయువు మోయడమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. ఒంట్లో ఇనుము లేని పిల్ల ఎంత సాధన చేసినా ఆయాసమే మిగులుతుంది. "నీకు స్టామినా లేదమ్మా" అని పీఈటీ సార్ పక్కన కూర్చోబెడతారు. అప్పటికప్పుడు ఒక రక్తపరీక్ష, కొన్ని నెలల వైద్యం, మంచి తిండి దొరికితే ఆ పిల్ల ఎక్కడిదాకా వెళ్ళేదో మనకు తెలియకుండానే పోతోంది. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టేది ఇదే. కాళ్ళున్న పిల్లనే మనం పోగొట్టుకుంటున్నాం.

ఇప్పుడున్న పథకాలు చాలవా? ఖేలో ఇండియా ఉంది. ఎంపికైన పిల్లలకు నెలకు పదివేల భత్యం ఇస్తుంది. పైన కేంద్రం నడిపే టాప్స్ పథకం ఉంది. దాని ప్రధాన జట్టులో ఉన్నవాళ్ళకు నెలకు 50 వేలు, అభివృద్ధి జట్టుకు 25 వేలు. రెండూ మంచివే. కానీ టాప్స్ చూసేది ఒలింపిక్ పతకం అందుకోగలవాళ్ళ వైపు, అంటే దాదాపు పైకి చేరినవాళ్ళ వైపు. ఖేలో ఇండియా చూపు ప్రధానంగా బడి వయసు మీద. షట్లర్ పద్దెనిమిదేళ్ళకు వెలుగులోకి రావచ్చు. దూరపు పరుగువాడు పాతికేళ్ళు దాటాకే పండుతాడు. పద్దెనిమిది నుంచి ఇరవైనాలుగు దాకా అతని చేతిలో పతకం ఉండదు, ప్రతి ఏడాదీ తగ్గుతున్న కొన్ని సెకన్లు మాత్రమే ఉంటాయి. ఆ సెకన్లను లెక్కపెట్టి డబ్బిచ్చే పథకం లేకపోవడమే లోపం. ఆ ఏళ్ళను ఇంతకాలం సైన్యం మోసింది. 2022లో అగ్నిపథ్ నియామక పథకం వచ్చాక మామూలు సిపాయిగా చేరినవాడికి నాలుగేళ్ళే హామీ. ఆ తర్వాత నూటికి పాతికమందికి మించి ఉంచుకోరు. పేరున్న క్రీడాకారులకు వేరే దారి ఉందంటారు. నిజమే. కానీ సాబ్లే సైన్యంలో చేరినప్పుడు పేరున్న క్రీడాకారుడు కాడు. మొదటి నాలుగేళ్ళలో అతను స్టీపుల్‌చేజ్ ముఖమే చూడలేదు. పేరు లేని కుర్రాడిని ఓపికగా దాచుకున్న ఆ ఒక్క గూడూ ఇరుకైపోతున్నప్పుడు, మరో గూడు కట్టడం ఇక దేశం బాధ్యత.

మన రాష్ట్రంలో పతకం వచ్చాక ఉదారంగానే ఉంటున్నాం. 2022లో బాక్సర్ నిఖత్ జరీన్‌కు రెండు కోట్లు ఇచ్చారు. 2024లో పారిస్ పారాలింపిక్స్ కాంస్యం గెలిచిన వరంగల్ బిడ్డ దీప్తి జీవాంజికి కోటి రూపాయలు, ఇంటిస్థలం, గ్రూప్-2 కొలువు, ఆమె కోచ్ నాగపురి రమేశ్‌కు పది లక్షలు ప్రకటించారు. వాళ్ళు అందుకు పూర్తిగా అర్హులు. ఆ డబ్బు మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. గీత దాటాక ఇచ్చేదాంట్లో పదోవంతైనా గీత దాకా రావడానికి ఇమ్మంటున్నాను. లెక్క వేద్దాం. జిల్లాకు ఐదుగురు, ఒక్కొక్కరికి టాప్స్ అభివృద్ధి జట్టులాగే నెలకు 25 వేలు. తెలంగాణ 33 జిల్లాలకూ కలిపి ఏడాదికి ఐదు కోట్ల లోపే. దేశమంతా 800 జిల్లాలనుకున్నా 120 కోట్లు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఒక్క ఖేలో ఇండియాకే వెయ్యి కోట్లు కేటాయించారు. కోచ్‌లు, వైద్యం, శిబిరాల ఖర్చు దీనికి మరింత కలుస్తుంది, ఒప్పుకుంటాను. కలిసినా ఇది మోయలేని భారం కాదు.

డబ్బొక్కటే పోస్తే చాలదని కూడా తెలుసు. 2016 రియోలో మారథాన్ పూర్తిచేసి గీత దగ్గర కుప్పకూలిన ఓ.పి. జైశా, దారిలో మన బల్లల దగ్గర నీళ్ళిచ్చే మనిషి లేడని చెప్పింది. ప్రత్యేక పానీయాలు అక్కర్లేదని ఆమె, ఆమె కోచే అన్నారని సమాఖ్య జవాబిచ్చింది. ఎవరి మాట నిజమైనా, ఆటగత్తె, కోచ్, అధికారి మధ్య మాట కలవని శిబిరం శిబిరం కాదని ఆ రోజు తేలిపోయింది. కార్యక్రమాలు ఇలా విఫలమవుతాయి కాబట్టి అసలు కార్యక్రమమే వద్దనడం మాత్రం తర్కం కాదు. అండ లేని చోట పిల్లలు రోడ్డు పోటీల బహుమతి సొమ్ము మీద బతుకుతారు. వారంవారం పరుగెత్తి ఒళ్ళు చెడగొట్టుకుంటారు. ఎవడో ఇచ్చిన ఇంజెక్షన్‌కు చెయ్యి చాపి నిషేధానికి గురవుతారు. పరీక్షల నిఘా, పరీక్షించిన మందు, అడిగితే జవాబు చెప్పే కోచ్ ఉండాలంటే ఒక వ్యవస్థ నీడ ఉండి తీరాలి.

కావాల్సింది పెద్ద మాటల్లో లేదు. పదహారేళ్ళ నుంచి పాతికేళ్ళ దాకా విడవకుండా భృతి. పతకంతో సంబంధం లేకుండా, ఏటా తగ్గిన సమయం చూసి కొనసాగింపు. జిల్లా ఆసుపత్రిలో ఆరునెలలకోసారి రక్తపరీక్ష. సిద్దిపేటలో ఎండలు ముదిరే నెలల్లో ఊటీ శిబిరానికి పంపడం. 2,200 మీటర్ల ఎత్తున ఆ సదుపాయం దేశానికి ఇప్పటికే ఉంది. కొలువులో చేరినవాళ్ళకు సాధనకు జీతంతో కూడిన సెలవు. సైన్యం చేసి చూపించిందే ఇదంతా. యూనిఫాం వేసుకోని పిల్లలకు కూడా అందివ్వమంటున్నాను.

దీనికి సిద్దిపేట ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఈ జిల్లా పీఈటీలకు, కోచింగ్ సెంటర్ల శిక్షకులకు, పొద్దున్నే కట్ట మీద పరుగెత్తే పెద్దలకు నా విన్నపం ఒకటే. ఈసారి ఈవెంట్స్ సాధనలో 1600 మీటర్లు 5 నిమిషాల లోపు పరుగెత్తిన ప్రతి కుర్రాడి పేరు, 800 మీటర్లు 2 నిమిషాల 45 సెకన్ల లోపు పరుగెత్తిన ప్రతి అమ్మాయి పేరు విడిగా రాసిపెట్టండి. ఆ జాబితా తీసుకుని జిల్లా క్రీడాధికారి దగ్గరికి, కలెక్టరు దగ్గరికి, మెదక్ ఎంపీ దగ్గరికి వెళ్ళండి. వీళ్ళకు వచ్చే ఎనిమిదేళ్ళు ఎవరు తిండి పెడతారో చెప్పమని అడగండి. జవాబు వచ్చేదాకా అడగండి.